వేడి చేసిందంటే...

మందుల మీద ఫిర్యాదు చెయ్యడానికి మనకి మూడు మాటలున్నాయి. ‘పడలేదు’, ‘వేడి చేసింది’, ‘వికటించింది’. ఇంగ్లీషు వైద్యం వచ్చాక కూడా వీటికి బదులు కొత్త మాటలు వెతుక్కోవలసిన అవసరం మనకి కలగలేదు.

వీటిలో ‘పడలేదు’ మర్యాదైన మాట. అత్తకీ కోడలికీ పడనట్టే ఒంటికీ మాత్రకీ పడలేదు, తప్పెవరిదో తేల్చదు. ‘వికటించింది’ అలా కాదు. ఆ మాట పేపర్లోకి ఎక్కేసరికి మనిషి మంచం మీదైనా ఉంటాడు, పాడె మీదైనా ఉంటాడు. ఈ రెంటికీ మధ్యనున్న ‘వేడి చేసింది’ మాత్రం మహా గడుసుది. నోరు పూసినా వేడే, మూత్రం మంటెత్తినా వేడే. ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ముక్కులోంచి నెత్తురు కారినా, రాత్రంతా కంటిమీద కునుకు లేకపోయినా అన్నీ వేడి ఖాతాలోకే పోతాయి. అసలే మాది కడప జిల్లా. మా ఎండల సంగతి తెలిసినవాళ్లెవరైనా వేడి చేసిందంటే ఇట్టే నమ్ముతారు!

నా పుట్టిల్లు ప్రొద్దుటూరు, అత్తిల్లు పులివెందుల, మేనమామ ఇల్లు జమ్మలమడుగు. ఈ మూడూళ్లలోనూ మందుల అంగడి ముందు నిలబడి చాలా మాటలు విన్నాను. కథలు రాసేవాళ్లకి అంగడి ముందు నిలబడడం ఒక వ్యసనం. తరచూ వినబడే సంభాషణ ఇలా ఉంటుంది:

“ఏం బిళ్లలిచ్చినావబ్బీ మొన్న? రెండేసుకునే తలికి ఒళ్లంతా దద్దుర్లు లేసినాయి.”

“వేడి చేసింటాదిలే అవ్వా. మజ్జిగ తాగు, సబ్జాగింజలు నానేసుకోని తాగు. ఈ బిళ్ల ఒగటి ఎయ్యి, తగ్గిపోతాది.”

అవ్వ వెళ్లిపోతుంది. బహుశా తగ్గిపోతుంది కూడా. కానీ ఆవిడ చెప్పిన ముక్క ఏమైంది? డాక్టరుగారికి చేరలేదు. చీటీ మీద ఎక్కలేదు. మజ్జిగతో పాటు అరిగిపోయింది. ఈ వ్యాసం ఆ ముక్క గురించి. మందు చేసిన చెరుపు మొట్టమొదట ఎవరి చెవిన పడుతుంది, ఆ చెవినించి ఎక్కడికి పోతుంది అన్న చరిత్ర ఒకటుంది. పుస్తకాల్లో పెద్ద పెద్ద డాక్టర్ల పేర్లతో రాస్తారు గానీ, అందులో కాంపౌండరుకీ అంగడివాడికీ వాటా ఉంది. ఆ వాటా వాళ్ల చేతికి రావడానికి మాత్రం చాలా కాలం పట్టింది.

ముందు జమ్మలమడుగు నుంచి మొదలుపెడతాను. పెన్న ఒడ్డున ఉన్న ఆ ఊరికి లండన్ మిషన్ వాళ్లు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో వైద్యం తెచ్చారు. అక్కడి కాంబెల్ ఆస్పత్రి పేరు మా జిల్లాలో పాతవాళ్లందరికీ తెలుసు. ఆ కాలపు ఏ ఆస్పత్రిలోనైనా డాక్టరుగారి గది ఒకటైతే, కాంపౌండరు గది ఒకటి. మాత్రలు అట్టల్లో రాని రోజులు. పొడులు నూరాలి, తూచాలి, నీళ్లలో కలపాలి, సీసాలో పొయ్యాలి. సీసా మీద కాగితాన్ని పళ్లు పళ్లుగా కత్తిరించి అతికించేవారు. ఒక్కో పన్ను ఒక్కో మోతాదు. చదువు రాని మనిషికి అంతకంటె తేలిగ్గా మోతాదు చెప్పే ఉపాయం నాకు ఈనాటికీ కనబడలేదు.

మా మేనమామ చిన్న డిస్పెన్సరీలో కాంపౌండరుగా ఉండేవాడు. ఆయన చెప్పేవాడు: జనం డాక్టరుగారి ముందు గుడిలో నిలబడ్డట్టు నిలబడతారట. అడిగినదానికి తలూపుతారు. బయటికొచ్చి కాంపౌండరు కిటికీ దగ్గర మాత్రం నోరు విప్పుతారు. “పోయినసారి ఎర్రనీళ్లు తాగితే వాంతి అయింది నాయనా, ఈ తూరి పచ్చనీళ్లియ్యి” అని. ఎర్రనీళ్లలో ఏముందో వాళ్లకి తెలియదు. కానీ వాంతి అయిందన్నది నిజం. ఆ నిజం కిటికీ దగ్గరే ఆగిపోయేది.

క్వినైన్ సంగతి తీసుకోండి. నల్లమల కొండలు పక్కనే ఉన్న మా జిల్లాకి చలిజ్వరం కొత్తగాదు. బ్రిటిష్ వాళ్ల కాలంలో పోస్టాఫీసుల్లో కూడా క్వినైన్ పొట్లాలు అమ్మించారు. అది మింగినవాళ్లకి చెవుల్లో గుయ్‌మని మోత, తల తిరుగుడు, వాంతి వచ్చినట్టుండడం మామూలే. వైద్యులకి కూడా అది తెలిసిన విషయమే. కానీ జ్వరం తగ్గించే మందు మరొకటి లేదు గనక, చెవులు మోగినా సరే మింగమనేవారు. మందు చేసే మేలు ముందు చెరుపు ఎంతవరకు ఓర్చుకోవచ్చు అన్న లెక్క అక్కడే మొదలైంది. అయితే ఆ లెక్క చెయ్యాలంటే ముందు చెరుపు ఎంతో తెలియాలి కదా. ఎవరో ఒకరు రాసి పెట్టాలి.

రాసి పెట్టడం ఎలా మొదలైందో చెప్పాలంటే ఇంగ్లండు వెళ్లి, మళ్లీ హైదరాబాదు రావాలి. 1847 నవంబరులో ఎడింబరోలో సింప్సన్ అనే డాక్టరు క్లోరోఫాంని మత్తుమందుగా వాడుకలోకి తెచ్చాడు. మూడు నెలలు తిరక్కుండానే, 1848 జనవరి 28న, న్యూకాసిల్ దగ్గర ఒక పల్లెలో హానా గ్రీనర్ అనే పదిహేనేళ్ల పిల్ల కాలి గోరు తీయించుకోవడానికి క్లోరోఫాం పీల్చి, నిమిషాల్లో చనిపోయింది. గోరుచుట్టు లాంటి బాధకి ప్రాణం పోయిందంటే ఊరుకోలేరు కదా. ఆ తర్వాత అలాంటి చావులు వస్తూనే ఉన్నాయి. గుండె ఆగి పోతున్నారా, ఊపిరి ఆగి పోతున్నారా అన్న తగవు నలభయ్యేళ్లు నడిచింది.

ఆ తగవు తీర్చే పెద్దరికం మన హైదరాబాదు నెత్తికెత్తుకుంది. 1800లో మా కడపతో సహా దత్తమండలాలను కుంఫిణీ వాళ్లకి అప్పగించింది నిజాం ప్రభుత్వమే. ఆ వంశంలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ దగ్గర రెసిడెన్సీ సర్జనుగా ఉండేవాడు ఎడ్వర్డ్ లారీ. క్లోరోఫాం మీద ఆయనకి గురిలాంటి నమ్మకం. ఊపిరిని కనిపెట్టుకుని ఉంటే చాలు, గుండెకి ఏమీ కాదంటాడు. 1888లో కుక్కల మీద పరీక్షలు చేసి అదే తేల్చాడు. లండన్‌లో ‘లాన్సెట్’ పత్రిక వాళ్లు నమ్మలేదు. సరే, మీ మనిషినే పంపండి, ఖర్చు మేం పెట్టుకుంటామని నిజాం వెయ్యి పౌన్లు ఇచ్చాడు. లాడర్ బ్రంటన్ అనే పేరుమోసిన డాక్టరు ఓడెక్కి వచ్చాడు. 1889 చివర్లో వందలకొద్దీ జంతువులకి క్లోరోఫాం ఇచ్చి చూశారు. గుండె కంటె ముందు ఊపిరే ఆగుతోందని రెండో కమిషన్ కూడా తీర్పు చెప్పింది.

అంత ఖర్చుపెట్టి చెప్పిన తీర్పు నిలబడలేదు. మనుషులు ఆపరేషన్ బల్లల మీద చనిపోవడం ఆగలేదు. క్లోరోఫాం తక్కువ మోతాదులో ఉన్నప్పుడే గుండె లయ తప్పి ఠక్కున ఆగిపోవచ్చని 1911లో లీవీ అనే ఆయన చూపించాడు. నాకు ఆసక్తిగా అనిపించింది ఈ గెలుపోటములు కాదు. హైదరాబాదు కమిషన్ తర్వాత, 1893లో లాన్సెట్ ఇంకో దారి తొక్కింది. కుక్కల్ని పక్కనపెట్టి, బ్రిటన్‌లోనూ దాని వలస దేశాల్లోనూ ఉన్న డాక్టర్లని, మత్తుమందు వల్ల ఎవరైనా చనిపోతే మాకు రాయండని అడిగి, వచ్చిన సంగతులన్నీ ఒకచోట చేర్చి అచ్చువేసింది. ప్రయోగశాల చెప్పలేకపోయిన దాన్ని ఉత్తరాలు చెబుతాయేమో చూద్దామన్నమాట. ఈనాటి రిపోర్టుల పద్ధతికి అదే ముత్తవ్వ అంటారు చరిత్రకారులు. అయితే ఆ ఉత్తరాలు డాక్టర్లు రాయవలసినవి. కాంపౌండరుని ఎవరూ అడగలేదు.

అంగడివాడి కాగితం విలువ ఏమిటో లోకానికి తెలిసింది 1937లో, అమెరికాలో. సల్ఫనిలమైడ్ అప్పటికి కొత్తగా వచ్చిన అద్భుతమైన మందు. మసెంజిల్ అనే కంపెనీ దాన్ని పిల్లలు కూడా తాగేలా తియ్యటి అరకుగా చెయ్యాలనుకుంది. ఆ మందు కరగడానికి డైఇథిలీన్ గ్లైకాల్ అనే ద్రవం వాడింది. అది మూత్రపిండాలను చంపే విషం. నూరుమందికి పైగా చనిపోయారు. అందులో పిల్లలు చాలామంది. మందు దేశమంతా సీసాల్లో చెల్లాచెదురుగా ఉంది. ప్రభుత్వ ఇన్స్పెక్టర్లు మందుల షాపుల వెంట పడి, ఒక్కో షాపులో అమ్మకం చీటీలు తిరగేసి, ఎవరికి అమ్మారో కనుక్కుని, ఇంటింటికీ వెళ్లి సీసాలు వెనక్కి తెచ్చారు. చీటీ ఉన్నచోట సీసా దొరికింది. లేనిచోట జ్ఞాపకం మీద వెతకవలసి వచ్చింది.

ఆ విషం ఎలా చంపిందో జంతువుల మీద పరీక్షలు చేసిన షికాగో విశ్వవిద్యాలయం బృందంలో ఫ్రాన్సిస్ కెల్సీ అనే అమ్మాయి ఉంది. ఈ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

థాలిడమైడ్ కథ చాలామందికి తెలుసు. గర్భిణులు వాడితే కాళ్లూ చేతులూ సరిగా లేని పిల్లలు పుట్టిన మందు. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చింది. నిద్రమాత్ర. డాక్టరు చీటీ కూడా అక్కర్లేదు, అంగట్లో అడిగితే ఇచ్చేవారు. అంత నిరపాయకరమని పేరు. 1961 నవంబరు చివర్లో వెనక్కి తీసుకునేసరికి పదివేల మంది దాకా పిల్లలు అలా పుట్టి ఉంటారని అంచనా. ఇంతవరకూ అందరికీ తెలిసిన కథే. దానికి ముందు జరిగిన చిన్న సంగతి ఒకటుంది, నాకు పెద్ద కథకంటె అదే ముఖ్యం.

పిల్లల సంగతి బయటపడకముందే పెద్దవాళ్లలో ఫిర్యాదులు మొదలయ్యాయి. వేళ్లు తిమ్మిర్లెక్కుతున్నాయి, అరికాళ్లు మండుతున్నాయి. మా ఊళ్లో అయితే నిస్సందేహంగా ‘వేడి’ అనేవారు! స్కాట్లాండులో ఒక చిన్న ఊరి డాక్టరు లెస్లీ ఫ్లారెన్స్ తన రోగుల్లో నలుగురికి ఇలా అయిందని గమనించి, ఈ మందేనా కారణం అని అడుగుతూ ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’కి చిన్న ఉత్తరం రాశాడు. 1960 డిసెంబరు 31న అది అచ్చయింది. నిర్ధారణ కాదు, రుజువు కాదు, ఒట్టి అనుమానం. సముద్రం అవతల వాషింగ్టన్‌లో, ఆ మందుని అమెరికాలో అమ్మడానికి అనుమతి అడుగుతున్న దరఖాస్తు ఒక ఉద్యోగిని బల్ల మీద ఉంది. ఆవిడే ఫ్రాన్సిస్ కెల్సీ. 1961 మొదట్లో ఆ ఉత్తరం చూసింది. తిమ్మిర్ల సంగతి తేల్చండి, తర్వాత చూద్దామని కంపెనీని నిలబెట్టింది. ఎన్నిసార్లు ఒత్తిడి చేసినా సంతకం పెట్టలేదు. అమెరికాలో ఆ మందు అమ్మకానికి రాలేదు. నలుగురి కాలి తిమ్మిరిని ఒకరు కాగితం మీద పెట్టినందువల్ల ఎన్ని వేల ఇళ్లు బాగుపడ్డాయో లెక్కకట్టడం ఎవరివల్లా కాదు.

ఆ దెబ్బతో దేశాలు మేలుకున్నాయి. 1964లో బ్రిటన్ ‘పసుపు కార్డు’ పెట్టింది. మందు వల్ల ఏదైనా అయిందని అనుమానం వస్తే ఆ కార్డు మీద రాసి పంపాలి. రాసే హక్కు డాక్టర్లకీ, పళ్ల డాక్టర్లకీ. మందు చేతికిచ్చే మనిషికి ఆ హక్కు ఎప్పుడొచ్చిందనుకున్నారు? ఆస్పత్రుల్లో ఫార్మసిస్టులకి 1997లో, బజార్లో షాపు పెట్టుకున్న ఫార్మసిస్టులకి 1999లో. ముప్ఫై అయిదేళ్లు! రోగికే స్వయంగా రాసే వీలు 2005లో వచ్చింది. ఎవరి ఒంటికి అయిందో వాళ్ల వంతు అందరికంటె ఆఖరున వచ్చిందన్నమాట.

ఇక మన దేశం సంగతి. ఒకప్పుడు మనకి మందుల మీద అడిగే నాథుడు లేడు. 1930లో చోప్రా అధ్యక్షతన ఒక సంఘం వేశారు. 1940లో మందుల చట్టం, 1948లో ఫార్మసీ చట్టం వచ్చాయి. అప్పటికి మా కడప ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ఫార్మసీ చట్టం కాంపౌండర్లకి గౌరవం తెచ్చింది; రిజిస్టర్లో పేరు ఎక్కింది, ‘ఫార్మసిస్టు’ అయ్యారు. చీటీ చూసి మందివ్వడం వాళ్ల పని అయింది. ఇచ్చిన తర్వాత ఏమైందో చూడడం మాత్రం ఎవరి పనీ కాలేదు.

1986 మొదట్లో బొంబాయి జె.జె. ఆస్పత్రిలో 14 మంది చనిపోయారు. వాళ్లకిచ్చిన గ్లిజరిన్‌లో అదే డైఇథిలీన్ గ్లైకాల్ కలిసింది. జస్టిస్ లెంటిన్ విచారణ చేసి కొరడాలాంటి నివేదిక ఇచ్చాడు. ఆ విషం అంతటితో పోయిందా అంటే, 2025లో మధ్యప్రదేశ్‌లో చింద్వాడా ప్రాంతంలో దగ్గుమందు తాగిన పసిపిల్లలు ఇరవైమందికి పైగా పోయారు, మళ్లీ అదే విషం. 1937 నుంచి దాని పేరు లోకానికి తెలుసు. ఇది కల్తీ కథ కాబట్టి వేరే చర్చ. కానీ పిల్లవాడికి మూత్రం ఆగిపోయిందని తల్లి మొదట ఎవరితో చెప్పిందో, వాళ్లు ఎవరితో చెప్పారో అన్న ప్రశ్న అందులోనూ ఉంది.

రిపోర్టుల పద్ధతి మన దగ్గర కుంటుతూ వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1968లోనే పది దేశాలతో ఈ పని మొదలుపెట్టింది. మనం 1990 దశకం చివర్లో చేరాం. 2005లో ప్రపంచబ్యాంకు డబ్బుతో జాతీయ కార్యక్రమం ఒకటి పెట్టారు, 2009తో అది ఆగింది. 2010 జులైలో ఇప్పుడున్న కార్యక్రమం వచ్చింది. మొదట ఢిల్లీలో ఎయిమ్స్ చూసేది. 2011లో ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ చేతికి వెళ్లింది. ఇందులో ఫార్మసిస్టుకి మొదటినుంచీ చోటుంది. డాక్టరు రాయొచ్చు, నర్సు రాయొచ్చు, ఫార్మసిస్టు రాయొచ్చు. మనలాంటివాళ్లు రాసుకోవడానికి వేరే ఫారం కూడా పెట్టారు, తెలుగులో ఉంది. రాయడం రాకపోతే 1800-180-3024కి ఫోను చెయ్యొచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు. అన్నీ ఉన్నాయి. అల్లుడి నోట్లో శని ఉందన్నట్టు, రాసేవాళ్లే తక్కువ.

మా అత్తగారి దగ్గు సంగతి చెబితే మీకు విషయం తేలిగ్గా అర్థమవుతుంది. ఆవిడకి బి.పి. పులివెందులలో ఒక డాక్టరు సంక్రాంతికి మాత్ర మార్చాడు. పేరు చివర ‘ప్రిల్’ అని ఉండే జాతి. శివరాత్రి ముందు నుంచి పొడిదగ్గు పట్టుకుంది. కఫం లేదు, జ్వరం లేదు, రాత్రయితే చాలు ఇల్లెగిరిపోయేలా దగ్గు. బస్టాండు దగ్గర షాపులో ఒక సీసా దగ్గుమందు, తర్వాత ఇంకొకటి, ఆపైన మిరియాల కషాయం. ఉగాదికి నేను ప్రొద్దుటూరు తీసుకొచ్చాను. అక్కడ మందుల షాపులో ఉన్న అమ్మాయి, పాతికేళ్లుంటాయేమో, ఫార్మసీ చదువుకున్న పిల్ల, మూడో సీసా అడగ్గానే ఇవ్వలేదు.

“అవ్వా, ఇంకేం బిళ్లలు ఏసుకుంటాండావు?”

అత్తగారు సంచిలోంచి అట్ట తీసి చూపించింది.

“ఇవి ఎప్పట్నుంచి?”

“సంక్రాంతి పండగ కాడ్నుంచి పాపా.”

“దగ్గో?”

“శివరాత్రికి ముందు.”

ఆ పిల్ల దగ్గుమందు మళ్లీ అరలో పెట్టేసింది. బి.పి. మాత్ర సొంతంగా ఆపొద్దని ఒకటికి రెండుసార్లు చెప్పి, డాక్టరుకి చూపించమని ఒక చీటీ రాసిచ్చింది. డాక్టరు వేరే జాతి మాత్రకి మార్చాడు. నెల తిరిగేసరికి దగ్గు పోయింది. ఆ జాతిలో మొదటి మందు, కాప్టోప్రిల్, 1981లో వచ్చింది. అది పొడిదగ్గు తెస్తుందన్న సంగతి మొదట్లో పట్టుబడలేదు. డాక్టర్లు ఒక్కొక్కరే రాయగా రాయగా కొన్నేళ్లకి స్థిరపడింది. బి.పి.కీ దగ్గుకీ సంబంధం ఉంటుందని ఎవరికి తోస్తుంది? బి.పి. డాక్టరుకి దగ్గు చెప్పరు, దగ్గు డాక్టరుకి బి.పి. మాత్ర చూపించరు. రెండూ ఒకే చేతిమీదుగా పోయేది మందుల అంగట్లోనే.

ఆ అమ్మాయి అంతటితో ఊరుకోక ఫోన్లో ఫారం నింపింది. తెలిసిన సంగతే కదా, మళ్లీ రాయడమెందుకని అడిగాను. “తెలిసిందే అక్కా. కానీ మన ఊళ్లల్లో ఎంతమందికి వస్తాందో ఎవురు చెప్తారు?” అంది. ఫారంలో ఏముందో చూశాను. మనిషి పూర్తి పేరు అక్కర్లేదు, పొడి అక్షరాలు చాలు. వయసు, ఏమయింది, ఎప్పుడు మొదలైంది, ఏ మందు మీద అనుమానం, రాసింది ఎవరు. రుజువు ఎక్కడా అడగలేదు. అనుమానమే అడిగారు. అక్కణ్ణించి అది ఘజియాబాద్ చేరి, అక్కడినుంచి స్వీడన్‌లో ఉప్సలా అనే ఊళ్లో లోకమంతటి రిపోర్టులూ పోగుపడే చోటికి వెళుతుందట. మా అత్తగారి దగ్గు అంత దూరం వెళ్లిందంటే ఆవిడ ఇప్పటికీ నమ్మదు.

మరి అందరూ ఎందుకు రాయరు? నేను అడిగినవాళ్లు చెప్పిన కారణాలు కొట్టిపారెయ్యదగ్గవి కావు. ఒకాయన, డాక్టరుగారి క్లినిక్ పక్కనే నా షాపు, ఆయన రాసిన మందు మీద నేను రిపోర్టు రాస్తే రేపట్నుంచి చీటీలు నాకు వస్తాయా అన్నాడు. ఇంకొకాయనకి డ్రగ్ ఇన్స్పెక్టరంటే భయం. రాస్తే నామీదికే వస్తుందేమోనని. నిజానికి రాసినవాళ్ల పేరు గోప్యంగా ఉంచుతారు, రిపోర్టు రాయడం తప్పు ఒప్పుకోవడం కాదు. ఇక సర్టిఫికెట్ గోడ మీద వేలాడుతూ, ఆ సర్టిఫికెట్ మనిషి ఇంకో ఊళ్లో ఉద్యోగం చేసుకునే షాపులు మన దేశంలో చాలానే ఉన్నాయి. అక్కడ గల్లాపెట్టె దగ్గర కూచున్న కుర్రాడికి ఫారం సంగతి ఎలా తెలుస్తుంది? 2015లో వచ్చిన నిబంధనల ప్రకారం ఫార్మసిస్టు రోగికి మందు గురించి వివరించి చెప్పాలి. సాయంత్రం ఆరు గంటలకి ప్రొద్దుటూరులో షాపు ముందు ఇరవైమంది చేతులు చాపి ఉంటే ఎవరు ఎవరికి వివరిస్తారు?

నోరున్న మనుషుల సంగతే ఇలా ఉంటే, నోరులేనివాటి సంగతి చెప్పక్కర్లేదు. డైక్లోఫెనాక్ అనే నొప్పిమందు పశువులకి వాడారు. ఆ పశువు చస్తే కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి చచ్చాయి. నూటికి తొంభైకి పైగా పోయాక, 2004లో గానీ కారణం తేలలేదు. 2006లో పశువులకి ఆ మందు మన దేశంలో నిషేధించారు. గొర్రెలూ ఎనుములూ పెంచే మా పులివెందుల వైపు ముసలివాళ్లు, మా చిన్నప్పుడు గొడ్డు చస్తే ఆకాశం నల్లబడేదని చెబుతారు. అంగడికొచ్చి మాకు పడలేదని చెప్పుకోవడానికి వాటికి దారి లేకపోయింది.

రాస్తే ఏమవుతుందనడానికి ఈమధ్యదే ఒక ఉదాహరణ. మెఫెనమిక్ యాసిడ్ అని, నెలసరి నొప్పికి ఆడపిల్లలు అడిగి కొనుక్కునే మాత్ర. మనలో దాన్ని హ్యాండుబ్యాగులో పెట్టుకోని ఇల్లు లేదు. మన దేశంలో వచ్చిన రిపోర్టులు చూసి, ఫార్మకోపియా కమిషన్ 2023 నవంబరు 30న దానిమీద హెచ్చరిక పంపింది. అరుదుగా కొందరికి ఒళ్లంతా దద్దుర్లు, జ్వరం వచ్చి, లోపలి అవయవాలకి కూడా హాని చేసే ఒక రకం ప్రతిక్రియ రావచ్చు, కనిపెట్టి ఉండండి అని. మాత్ర మానెయ్యమని కాదు. వేసుకున్న తర్వాత రోజుల్లోనో వారాల్లోనో దద్దుర్లూ జ్వరమూ కలిసి వస్తే ‘వేడి’ అనుకుని ఊరుకోకూడదని. మనవాళ్ల భాషలో ఆ హెచ్చరికకి అర్థం అదే.

2025లో ఇంకో మంచిపని జరిగింది. ప్రతి మందుల షాపులోనూ ఆ టోల్‌ఫ్రీ నంబరూ, ఫోనుతో తీస్తే ఫారం తెరుచుకునే క్యూఆర్ కోడూ అందరికీ కనబడేలా పెట్టించాలని కేంద్ర మందుల నియంత్రణ శాఖ రాష్ట్రాలకి చెప్పింది. ఆ కాగితం కోసం వెతుకుతూ మా మూడూళ్లలో కొన్ని షాపులు తిరిగాను. పులివెందులలో వెళ్లినచోట, అదేంటక్కా, ఫోన్ పే కోడా అని అడిగారు. ప్రొద్దుటూరులో మా అమ్మాయి షాపులో ఉంది, అద్దం లోపల, దేవుడి పటం పక్కన.

జమ్మలమడుగులో మా మేనమామ ఉన్నప్పుడు ఏ ఇంట్లో ఎవరికి సల్ఫా పడదో, ఎవరికి పెన్సిలిన్ సూది వేస్తే పడిపోయారో ఆయనకి కంఠతా వచ్చు. ఫలానావాళ్ల చిన్నకోడలికి ఆ మాత్ర ఇయ్యొద్దని పక్క షాపువాళ్లకి కబురు పంపేవాడు. ఆయనతో అదంతా పోయింది. ఒక్క ముక్క కాగితం మీద లేదు. ఈసారి ఆ ఊళ్లో ఒక పాత షాపులో అదే మాట అన్నాను. షాపాయన డెబ్భై ఏళ్లవాడు. ఏమీ మాట్లాడకుండా లోపలికి వెళ్లి ఒక పద్దుపుస్తకం తెచ్చాడు. ముందు పేజీల్లో అప్పులు. వెనకనించి తిరగేస్తే ‘పడనివి’ అని శీర్షిక పెట్టి, ఇంటిపేర్లు, పక్కన మందు పేరు, ఆ పక్కన ‘దద్దుర్లు’, ‘పెదిమ నల్లబడింది’, ‘కడుపులో మంట, నల్ల విరేచనం’ అని రాసుకున్నాడు.

“ఇవన్నీ ఇప్పుడు పంపచ్చునా తల్లీ? పాతవి గదా” అన్నాడు.

తేదీలున్నాయా అని అడిగాను. కొన్నిటికి ఉన్నాయి. ప్రొద్దుటూరు అమ్మాయి ఫోను నంబరు ఆ పుస్తకంలోనే, అప్పుల వైపు రాసిచ్చి వచ్చాను.